మాస్టారి ఫోనుతో వచ్చిన రూము

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ట్రెజరీ ఆఫీసులో పనిచేశాను. బిల్లులు పాస్ చేయడం నా ఉద్యోగమని అందరూ అనుకునేవారు గానీ, నేను ఇష్టపడి చేసిన పని మాత్రం బిల్లులు వెనక్కి పంపడం. టీఏ బిల్లులో బస్సు టికెట్టు తేదీ ఒక్కరోజు అటూ ఇటూ అయినా ఎర్ర సిరాతో అబ్జెక్షన్ రాసి తిప్పి కొట్టేదాన్ని. హెడ్మాస్టర్లు కూడా నా టేబుల్ ముందు నీళ్ళు నమిలేవారు. రిటైరై నాలుగేళ్ళయింది. నోరు మాత్రం రిటైరవలేదు. రైతుబజారులో నేను త్రాసు ముల్లు వైపు వంగి చూస్తుంటే మా ఆయన నాలుగడుగులు దూరంగా వెళ్ళి ఎవరో తెలియనట్టు నిలబడతారు.

గొప్పకి చెప్పడం లేదు ఇదంతా. అలాంటి నేను ఒక కాగితం చదవకుండా సంతకం పెట్టాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు నేనెలాంటిదాన్నో చెప్పక తప్పదు.

మా తమ్ముడు రామచంద్రపురం అవతల ఒక పల్లెలో రెండెకరాలు కౌలుకి చేస్తాడు. పంతొమ్మిదేళ్ళ నుంచీ అదే చేను. చుట్టుపక్కల చేలన్నీ ఒక్కొక్కటే చేపల చెరువులైపోయాయి. మిగిలింది వాడు చేసే ఆ రెండెకరాల చెక్కా, దాని పక్కన ఇంకో ఇద్దరివీ. ఈ ఏడు ఆ చేను ఆసామి కొత్త మాట చెప్పాడు. ఊడ్పులకి ముందే యాభై వేలు ముందుకౌలు చేతిలో పెట్టాలి, లేకపోతే చెరువుల ఆయనకి ఇచ్చేస్తాను అని. చెరువుల ఆయన మట్టి తవ్వే పొక్లెయిను అప్పటికే పక్క గట్టు మీద ఉంది. ఒకసారి తవ్వాక అది ఇంక చేను కాదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

మరదలు ఎలాగో ఆ యాభై వేలూ కూడబెట్టింది. సరిగ్గా అప్పుడే తమ్ముడికి నారుమడి దగ్గర కాల్లో మేకు దిగింది. వాడికి షుగరు. పసుపు రాసుకుని తిరిగాడు. నాలుగోరోజుకి కాలు మోకాలి దాకా వాచిపోయి, ఒకటే చలిజ్వరం. శుక్రవారం సాయంత్రం కాకినాడలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాం. ప్రభుత్వం కార్డు ఇక్కడ చెల్లదన్నారు. పెద్దాస్పత్రికి మారుద్దామంటే, ఈ జ్వరంలో కదపొద్దన్నారు. తమ్ముడింట్లో ఉన్న, దాళ్వా పంట అమ్మిన డబ్బు ముప్పై వేలు అడ్వాన్సు కట్టాం.

కౌలు డబ్బు మరదలు తన సంచిలోనే పెట్టుకుని తిరుగుతోంది. నా చేతిలో ఇరవై ఐదు వేలున్నాయి, అంతకు మించి నేను తేలేను. అంటే లెక్క సుళువే. కౌలు డబ్బు ముట్టుకోకుండా తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళాలి. ఆ వారం నా పని అదొక్కటే అనుకున్నాను.

అందుకే శనివారం పొద్దున్నే మాస్టారికి ఫోన్ చేశాను. మాస్టారంటే మా చర్చి సంఘంలో పెద్దాయన, ఎనభై దాటిన మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. ఈ ఆస్పత్రి డాక్టరుగారు చిన్నప్పుడు ఆయన దగ్గర చదువుకున్నారు. మా వైపు ఎవరైనా ఆస్పత్రిలో చేరితే, జబ్బేంటి అని అడిగే ముందు "అక్కడ మనవాళ్ళెవరున్నారు" అని అడుగుతారు. మనవాళ్ళుంటే బాగా చూస్తారు, బిల్లులో కూడా చూస్తారు అని నమ్మకం. నేనూ అదే నమ్మి చేశాను. డబ్బు మాట మాత్రం ఎత్తలేదు. ఆయనతో డబ్బు మాట ఎలా ఎత్తుతాం? "కాస్త ఒక మాట చెప్పండి మాస్టారూ" అన్నాను అంతే.

పావుగంటలో ఆయనే చేశారు. "అమ్మాయ్, చెప్పాను. మనవాళ్ళు, దగ్గరుండి చూసుకోమని గట్టిగానే చెప్పాను" అన్నారు.

సాయంత్రానికల్లా జనరల్ వార్డులోకి వీల్‌చైరు వచ్చింది. దాని వెనక సిస్టరు, చేతిలో అట్ట, అట్టకి ఒక కాగితం. "డాక్టరుగారు స్పెషల్ రూముకి మార్చమన్నారండి. ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్" అంది. వార్డులో ఎనిమిది మంచాలవాళ్ళూ మావైపే చూస్తున్నారు. పక్క మంచం ముసలాయన భార్య "మీకు డాక్టరుగారు తెలుసాండీ" అని అడిగింది. "మా మాస్టారి శిష్యుడండి" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తే. అంటూనే సంతకం పెట్టాను. కళ్ళజోడు మెళ్ళోనే వేలాడుతోంది, పెట్టుకోలేదు కూడా.

రూము బాగుంది. ఏసీ, టీవీ, తోడున్నవాళ్ళకి ఇంకో మంచం. మరదలు ఆ మంచం దుప్పటి నలగకుండా అంచు మీద కూర్చుంది చాలాసేపు. నర్సులు వచ్చి "ఏం కావాలమ్మా" అని ఆవిణ్ణి అడుగుతుంటే, ఆవిడ నావైపు చూసేది, ఏం చెప్పాలో తెలియక.

ఇంక రూమంటూ వచ్చాక చూడ్డానికి వచ్చేవాళ్ళు ఊరుకుంటారా. వార్డులో అయితే ఇద్దరిద్దరుగా వచ్చి నిలబడి పోయేవారు. ఇక్కడ కూర్చోవడానికి చోటుంది. పాస్టరుగారు, స్త్రీల సమాజం వాళ్ళు, ఊళ్ళోవాళ్ళు, మా ఆఫీసు పాతవాళ్ళు. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. ప్రార్థన చేసి వెళ్ళేటప్పుడు తలగడ కింద కవరు పెట్టేవారు. మరదలికి ఒకటే బెంగ, ఎవరొచ్చారో మర్చిపోతే ఎలాగ అని. రేపు వాళ్ళింట్లో ఎవరైనా మంచాన పడితే మనం వెళ్ళకపోతే తలెత్తుకోగలమా? అందుకని నాచేత ఒక నోటుబుక్కులో రాయించింది. ఎవరొచ్చారు, ఏరోజు, ఎన్ని గంటలకి, ఎంతసేపు ఉన్నారు, ఏం తెచ్చారు, కవర్లో ఎంత. నాకు విసుగే. కానీ రాయడం మొదలుపెట్టాక నా చెయ్యి ఊరుకోదు, గళ్ళు గీసి రాశాను.

సోమవారం కాలికి గాటు పెట్టి చీము తీశారు. మంగళవారానికి జ్వరం దిగింది. బుధవారం తమ్ముడు టీవీ పెట్టుకుని వాతావరణం వార్తలు చూస్తున్నాడు. "అక్కా, ఆదివారానికి వానలంట. ఊడ్పులు మొదలైపోతాయి" అన్నాడు. వాడికి కాలు గురించి కన్నా నారు ముదిరిపోతుందన్న దిగులే ఎక్కువగా ఉంది.

గురువారం పొద్దున డిశ్చార్జి అన్నారు. పదకొండింటికి బిల్లు వచ్చింది, ఐదు పేజీలు. చివరి అంకె లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందలు. అడ్వాన్సు తీసేసినా ఎనభై ఎనిమిది వేల నాలుగు వందలు. నా ఇరవై ఐదు, కవర్ల డబ్బు పద్నాలుగు కలిపితే ముప్పై తొమ్మిది వేలు. మిగతాదంతా ఎక్కణ్ణుంచి? కౌలు యాభై వేలూ తీసినా ఒక్క ఆరువందలు మిగిలి, చేను పోతుంది. మరదలితో మాత్రం "నేను చూస్తాను ఉండు. మరీ కాకపోతే ఆ సంచిలోది తీద్దాం" అన్నాను. ఆవిడ సంచి ఒళ్ళోకి లాక్కుంది.

కళ్ళజోడు పెట్టుకుని బిల్లింగ్ కౌంటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ కౌంటరులో అమ్మాయి మా కోడలి వయసు ఉంటుంది, పాపం మంచి పిల్లే. "అమ్మా, నేను గొడవకి రాలేదు. ఒక్కో లైనూ అడుగుతాను, నువ్వు చెప్పు" అన్నాను. "అడగండి ఆంటీ" అంది నవ్వుతూ. నా సంగతి తెలియక నవ్వింది.

డైటీషియన్ సలహా, ఆదివారం పదిన్నరకి, ఎనిమిది వందలు. నా నోటుబుక్కు తీశాను. ఆదివారం పది నుంచి పదకొండూ పది దాకా స్త్రీల సమాజం వాళ్ళు తొమ్మిదిమంది ఆ రూములో పాటలు పాడుతున్నారు. డైటీషియన్ కాదు కదా, ఈగ కూడా లోపలికి రావడానికి చోటు లేదు. బిల్లులో డ్రెస్సింగు రోజుకి రెండుసార్లు అని వేశారు. మంగళవారం సాయంత్రం డ్రెస్సింగుకి వచ్చిన సిస్టరు, పాస్టరుగారు ప్రార్థనలో ఉన్నారని గుమ్మం దగ్గర్నుంచే వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. అదీ పుస్తకంలో ఉంది, పాస్టరుగారు ఎప్పుడొచ్చారో ఎప్పుడెళ్ళారో రాసుంది కాబట్టి. ముక్కులోకి ఆవిరి పట్టినట్టు నాలుగుసార్లు వేశారు. కాలు జబ్బుకి ముక్కులో ఆవిరి ఎందుకు తల్లీ అంటే, ఆ అమ్మాయి ఫోన్ చేసి కనుక్కుని, అది పక్క రూము వాళ్ళది అంది. వాడని ఇంజెక్షన్లన్నీ బిల్లులో వేశారు కదా అని మరదలు జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళడానికి మూట కట్టింది. అవి విప్పి మందుల షాపులో వాపసు ఇప్పించాను.

ఆ అమ్మాయి కిమ్మనకుండా ఒక్కొక్కటే కొట్టేసింది. మధ్యలో ఆ పుస్తకం వైపు చూసి "మీరు అన్నీ ఇలాగే రాస్తారా ఆంటీ" అంది. అన్నీ కలిపి తొమ్మిది వేల నాలుగు వందలు తగ్గాయి. లక్షా తొమ్మిది వేల దగ్గర ఆగింది. గంటన్నర కూర్చుంటే ఇంతే. ఇంకా నలభై వేలు తగ్గాలి.

అప్పుడు రేట్లు చూడడం మొదలుపెట్టాను. శనివారం మధ్యాహ్నం డాక్టరుగారు చూసినందుకు నాలుగు వందలు. ఆదివారం అదే డాక్టరుగారు అదే కాలు చూసినందుకు వెయ్యి. శనివారం రక్తపరీక్ష ఒక ధర, సోమవారం అదే పరీక్ష దానికి రెట్టింపు. చీము తీసినందుకు ముప్పై వేలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏంటమ్మా ఇది? రోజుకో ధరా మీకు?" అన్నాను.

"కాదు ఆంటీ. రూముని బట్టి రేటు. జనరల్ వార్డులో ఉంటే ఆ ప్రొసీజరు పద్నాలుగు వేలే. స్పెషల్ రూముకి మారాక డాక్టరు ఫీజు, ల్యాబు, నర్సింగు, అన్నీ ఆ కేటగిరీలో పడతాయి" అంది.

"మేము అడగలేదే. డాక్టరుగారే మార్చమన్నారు."

ఆ అమ్మాయి ఫైలు తెరిచి, ఒక కాగితం నావైపు తిప్పింది. పేషెంటు తరఫువారి కోరిక మీద స్పెషల్ రూముకి మార్చడమైనది, మారిన కేటగిరీ ప్రకారం అన్ని చార్జీలూ చెల్లించడానికి అంగీకరిస్తున్నాము అని తెలుగులోనే, పెద్ద అక్షరాల్లోనే ఉంది. కింద నా సంతకం. ట్రెజరీలో వేల బిల్లుల మీద పెట్టిన సంతకం, పేరు కింద రెండు గీతలతో సహా.

తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్ళు పరాయి బిల్లుల్లో కామాలు వెతికి, నా తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఇదా నేను చేసింది? ఆ చేను పోతే చెరువుల ఆయనా, ఆసామీ కాదు, నేనే పోగొట్టినట్టు. మరదలు దూరంగా బెంచీ మీద కూర్చుని నావైపే చూస్తోంది. "ఏంటంటున్నారు వదినా" అని అడిగింది. "కంప్యూటర్లో ఏదో తప్పు పడిందట, డాక్టరుగారే సరిచేయాలట" అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడం నా జీవితంలో ఎన్నిసార్లు జరిగిందో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

కేటగిరీ మార్చడం డాక్టరుగారి చేతుల్లోనే ఉందని కౌంటరు అమ్మాయి చెప్పింది. మళ్ళీ మాస్టారిచేత ఫోన్ చేయించొచ్చు. కానీ ఏమని? మీరు చేసిన సాయానికి మాకు నలభై వేలు ఎక్కువైందండీ అని ఎనభై ఏళ్ళ మనిషికి ఎలా చెప్తాం? ఆయన వెంటనే తన పెన్షన్లోంచి తీసి ఇస్తానంటారు. అలాంటి మనిషే. అందుకని ఓపీలో టోకెన్ తీసుకుని, మామూలు పేషెంట్ల వరసలో కూర్చున్నాను. రెండుగంటలు పట్టింది.

డాక్టరుగారు నన్ను చూసి లేచారు. "మాస్టారు ఎలా ఉన్నారమ్మా? రూములో ఇబ్బందేం లేదు కదా? మంచి రూము ఇమ్మని చెప్పాను" అన్నారు.

"ఇబ్బంది ఆ రూమేనండి" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఆగలేదు. బిల్లు ఆయన ముందు పెట్టి, శనివారం లైనూ ఆదివారం లైనూ చూపించాను. తమ్ముడు కౌలురైతనీ, కౌలు కట్టకపోతే ఆ రెండెకరాలూ చెరువు కింద పోతాయనీ చెప్పాను. కాగితం మీద సంతకం నాదేననీ, చదవకపోవడం నా తప్పేననీ చెప్పాను. ఇంకెవరికీ చెప్పలేనిది ఆయనకి చెప్పాను.

ఆయన బిల్లు రెండుసార్లు తిరగేశారు. "మాస్టారి వాళ్ళని వార్డులో ఉంచానంటే నాకు బాగోదు కదమ్మా. గౌరవంగా ఉంటుందని రూము ఇమ్మన్నాను. రేట్లన్నీ దాంతోపాటు మారిపోతాయని ఆ క్షణంలో ఆలోచించలేదు" అన్నారు. ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు, నమ్మకుండానూ ఉండలేకపోయాను.

"మీరు బాగా చూశారండి, కాలు నిలబెట్టారు. ఆ మాటే మాస్టారికి చెప్తాను. బిల్లు మాత్రం ఎవరూ తెలియనివాళ్ళకి వేసినట్టు వేయండి. మమ్మల్ని పరాయివాళ్ళు అనుకోండి, చాలు" అన్నాను. బిల్లు ఆయన వైపు ఇంకాస్త జరిపాను.

ఆయన ఫోన్ తీసి కౌంటరుకి చెప్పారు. మొదటి రోజు నుంచీ జనరల్ వార్డు కేటగిరీ వేయమన్నారు, రూము అద్దెతో సహా.

కొత్త బిల్లు అరవై ఎనిమిది వేలు. అడ్వాన్సు పోను ముప్పై ఎనిమిది. నా దగ్గరున్న ఇరవై ఐదూ, కవర్లలో వచ్చిన పద్నాలుగూ కలిపితే ఇంకో వెయ్యి మిగులుతుంది కూడా. ఆ కాగితం పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చాను.

"కవర్లు తియ్యి. కట్టేద్దాం. నీ కౌలు డబ్బులో రూపాయి కూడా ముట్టుకోక్కర్లేదు. రేపు పొద్దున్నే తీసుకెళ్ళి ఆసామికి ఇచ్చెయ్యి" అన్నాను.

మరదలు కవర్లు తీసి ఇచ్చింది. తలెత్తలేదు. "కౌలు ఇచ్చేశాను వదినా. మంగళవారం ఆసామి చూడ్డానికి వచ్చినప్పుడే వరండాలో చేతిలో పెట్టేశాను" అంది.

"ఇచ్చేశావా? బిల్లు ఎంతొస్తుందో తెలియకుండానా? నీకు బుద్ధుందా? పొద్దున్న ఆ సంచిలోది తీద్దామన్నాను, అప్పుడైనా నోరు విప్పలేదే" అన్నాను. నా గొంతుకి కౌంటరు దగ్గర నలుగురూ తిరిగి చూశారు.

"చెప్తే మీరు కంగారు పడతారని. బిల్లు మీరు చూస్తారు కదా వదినా. మీ చేతిలోకి వెళ్ళాక అది తగ్గకుండా ఎక్కడికి పోతుంది అనుకున్నాను" అంది.

పొద్దుటి నుంచీ నేను వెనకాల ఉన్నాయనుకున్న యాభై వేలు అసలు లేనే లేవు. నామీద నమ్మకంతో ఆవిడ ఉన్నదంతా చేను మీద పెట్టి కూర్చుంది. నేనేమో అబద్ధం చెప్పి కూర్చున్నాను. ఇంతలో ఫోను మోగింది. మాస్టారు. "అమ్మాయ్, డిశ్చార్జి అట కదా. మా వాడు బిల్లులో ఏమైనా చూశాడా?" అని అడిగారు. "చాలా చూశారండి. అంతా మీ మాట వల్లే" అన్నాను. ఆయన గొంతులో సంతోషం వినిపించింది. పెట్టేశారు.

ఇంక ఉండబట్టలేదు. బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. "కంప్యూటర్ తప్పు కాదు. ఆ రూము కాగితం మీద సంతకం పెట్టింది నేనే. ఎక్కువ కట్టాలని అందులో రాసే ఉంది. చదవలేదు. చదివుంటే నీకు ఈ అవస్థ ఉండేది కాదు" అన్నాను.

ఆవిడ నా చేతిలో బిల్లు తీసుకుని మడత పెట్టింది. కోపం లేదు, జాలీ లేదు ఆ ముఖంలో.

"చదివుంటే మాత్రం వద్దనేవారా వదినా?" అంది. "మాస్టారు ఫోన్ చేసి ఇప్పించాక, వార్డంతా చూస్తుండగా, మాకీ రూము వద్దు, ఇంత మేం కట్టుకోలేం అని మీరు అనేవారా?"

అనేదాన్ని కాదు. కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివి, సంతకం పెట్టేదాన్ని.